కాలు తగ్గిన కుర్చీ

వాన చినుకు రాలని ఏడాది గొడుగులు అమ్మినవాణ్ణి నేను. అదీ ఒకటీ అరా కాదు, భుజాన మోసుకెళ్ళిన కట్ట కట్టంతా. మబ్బు ఎలా ఉంటుందో పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చిన కాలం అది. అలాంటి ఎండలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని నేను మాట మొదలుపెట్టాను. లేచేసరికి ఆయన తనకొక గొడుగు, తన గేదెకొక గొడుగు కొన్నాడు. నేను తడితే తెరుచుకోని తలుపు లేదు, నేను నోరు తెరిస్తే మూతపడని నోరు లేదు.

"మీరు తెరిస్తే ఇంకొకళ్ళు తెరవడానికి సందెక్కడ?" అంటుంది మా ఆవిడ. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

నా మనవరాలు కాలేజీలో అమ్మకాలు చదువుతానన్న రోజున మా ఇంట్లో సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే. అదేదో చిల్లర కోర్సు కాదు. లెక్కలూ చట్టాలూ చదివినట్టే, అమ్మడం ఎలాగో పద్ధతిగా చదవడం. మొదటి ఏడు అందరికీ ఒకటే చదువట. వేసవి చివర్లో మాత్రం ఎటు పోతారో తేల్చుకోవాలట. మా పిల్ల తేల్చేసుకుంది.

"అమ్మడం కూడా చదువేనా?" అంది మా కోడలు. ఆమె ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేస్తుంది. సూదితో తేలనిది ఏదీ ఆమెకు నిజం అనిపించదు.

"పాసైతే ఏమిస్తారు, తక్కెడా?" అంది మా ఆవిడ.

మావాడు మాత్రం కంచం మీంచి తల ఎత్తలేదు. తినడం ముగించాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు. అప్పుడన్నాడు.

"అకౌంట్స్ తీసుకో."

వాడి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. నీళ్ళ పంపులు చేసే ఫ్యాక్టరీలో వాడిది కొనుగోళ్ళ విభాగం. బోల్టుల నుంచి రంగు డబ్బాల దాకా, ఆ ఫ్యాక్టరీకి ఏం కావాలన్నా కొనేది వాడే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురుగా ఎవడో ఒక అమ్మేవాడు కూర్చుని ఉంటాడు, వీడు వద్దంటూ ఉంటాడు. వద్దనడానికి జీతం తీసుకునే మనిషి. అమ్మేవాడి కడుపున కొనేవాడు పుట్టడమంటే ఇదే.

ఒకసారి ఇంట్లో మరిచిపోయిన కళ్ళద్దాలు ఇద్దామని వాడి ఆఫీసుకు వెళ్ళాను. బల్లకు ఇవతల ఉన్న కుర్చీలో కూర్చుంటే అది ఒక పక్కకు ఒరిగింది. సర్దుకుంటే రెండో పక్కకు ఒరిగింది. వంగి చూస్తే ఒక కాలు తక్కువ.

"ఒరేయ్, దీని కాలు కింద ఏదైనా పెట్టించు. వచ్చినవాళ్ళు పడవలో కూర్చున్నట్టు ఊగుతున్నారు" అన్నాను.

"వద్దు నాన్నా. అది అలాగే ఉండాలి. సరిగ్గా ఉంటే లేవరు."

"మంచినీళ్ళయినా ఇస్తావా?"

"ఇస్తే ఇంకాసేపు కూర్చుంటారు."

నేను పడవ దిగి ఇంటికి వచ్చేశాను.

అలాంటి తండ్రి ముందు నిలబడి పిల్ల ఆ రోజు నెమ్మదిగానే అడిగింది. "అకౌంట్స్ ఎందుకు నాన్నా?"

"అంకెలు నిన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టవు."

"నేను కూర్చుంటాను. నాకు ఓపికుంది."

"నాకు లేదు" అన్నాడు వాడు. కాసేపు తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ అన్నాడు. "వేసవి చివర మీ కాలేజీలో ఏదో పోటీ ఉందన్నావుగా. అందులో గెలువు. గెలిస్తే నీ ఇష్టం. లేకపోతే అకౌంట్స్."

"గెలవడమంటే మొదటి మూడు స్థానాల్లో..."

"గెలవడమంటే గెలవడమే."

బేరం కుదిరింది. మా ఇంట్లో ఎండాకాలం ఆ రాత్రి నుంచే మొదలైంది.

మర్నాడు సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ మనవరాలు నాకు తన చదువు గురించి చెప్పింది. ఇప్పుడు అమ్మకం అంటే ఇంటింటికీ తిరగడం కాదట. ఆసుపత్రికి ఒక స్కానింగ్ యంత్రం అమ్మాలంటే ఏడాది పడుతుందట. డాక్టర్లతో మాట్లాడాలి, దాన్ని నడిపేవాళ్ళతో మాట్లాడాలి, డబ్బు మంజూరు చేసేవాళ్ళతో మాట్లాడాలి.

"ఏడాది ఒకే ఆసుపత్రి చుట్టూ తిరిగితే, నాకైతే అక్కడి వాచ్‌మన్ పిల్లనిచ్చేవాడు" అన్నాను.

"మా సీనియర్లలో ఒక అక్క సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఒకన్నయ్య విత్తనాల కంపెనీలో చేరి ఇప్పుడు పది మందికి పని చెబుతున్నాడు. ఇంకొకాయన సొంతంగా పెట్టుకున్నాడు. ఒకామె అమ్మడం మానేసి మాకు పాఠం చెబుతోంది."

"చూశావా, చివరికి అందరూ మాటలే అమ్ముతున్నారు."

"కాదు తాతయ్యా. మా మేడమ్ అంటారు, అమ్మడమంటే చెప్పడం కాదు, అడగడం అని."

ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రదాకా పోలేదు. అప్పటికే నా బుర్ర పాఠాలు తయారు చేసుకోవడంలో మునిగి ఉంది. వీధి బడిలో ఓనమాలు దిద్ది, ఆ తర్వాత చదువంతా రోడ్డు మీద చదివినవాణ్ణి. నా దగ్గర ఉన్న విద్య కాలేజీలో ఎక్కడుంటుంది?

పోటీ ఇలా జరుగుతుందట. పిల్లలు అమ్మేవాళ్ళు. నిజంగా ఏదో కంపెనీలో కొనుగోళ్ళు చూసేవాళ్ళే వచ్చి ఎదురుగా కొనేవాళ్ళుగా కూర్చుంటారు. ఈసారి సరుకు, ఫ్యాక్టరీ కార్మికులు తొడుక్కునే చేతి గ్లవ్స్. కొనేవాళ్ళ కష్టమేమిటో ముందు చెప్పరు. మాటల్లోనే పట్టుకోవాలి.

నేను కొనేవాణ్ణయ్యాను. మా ఆవిడ గుమ్మం దగ్గర కూర్చునే రిసెప్షనిస్టు అయింది.

"నమస్కారమండీ. సార్‌ని కలవడానికి వచ్చాను" అంది మనవరాలు, బ్యాగు భుజాన వేసుకుని.

"సార్ లేరు" అంది మా ఆవిడ, పూసలు గుచ్చుతున్నట్టు తల వంచుకుని.

"ఎప్పుడొస్తారండీ?"

"నన్నడిగితే? కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఏ రోజూ చెప్పి వెళ్ళలేదు."

"నానమ్మా, నువ్వు నానమ్మగా కాదు, ఆఫీసు మనిషిలా మాట్లాడాలి."

"ఆఫీసు మనిషికి మాత్రం మొగుడుండడా?"

పిల్ల ఎలాగో ఆ గండం దాటి లోపలికి వచ్చేది. నేను పాఠం చెప్పేవాణ్ణి. మొదటి సూత్రం, తలుపు మూయకముందే సందులో కాలు పెట్టాలి. "ఇప్పుడన్నీ గాజు తలుపులు తాతయ్యా, వాటంతటవే మూసుకుంటాయి" అనేది. రెండో సూత్రం, గోడ మీద ఏ ఫొటో ఉంటే దాన్ని పొగడాలి. మూడోది అసలైనది. ఎదుటివాడికి ఊపిరి పీల్చుకునే సందు ఇవ్వకూడదు. సందిస్తే వద్దంటాడు. మన మాటల కింద వాడి 'వద్దు' నలిగి చచ్చిపోవాలి.

పిల్ల నాలాగే గడగడా మాట్లాడటం నేర్చింది. గ్లవ్స్ తొడుక్కుంటే చెయ్యి కాలదు, కోసుకోదు, పెళ్ళికొడుకు చెయ్యిలా మెరుస్తుంది అని ఊపిరాడకుండా చెబుతుంటే నా ఛాతీ ఉబ్బిపోయేది.

ఇక్కడ నేనొక ఘనకార్యం చేశాను. నిజమైన కొనేవాడు ఎంత కఠినంగా ఉంటాడో పిల్లకు అలవాటు కావాలి కదా. మావాడి ఆఫీసు కుర్చీ గుర్తొచ్చింది. ఎవరూ లేని మధ్యాహ్నం వంటింటి పక్కనున్న కుర్చీని తిరగేసి, రంపంతో ఒక కాలు కాస్త కోశాను. కాస్త అనుకున్నది కాస్త ఎక్కువైంది. కుర్చీ మరీ ఒరిగింది. సరిచేద్దామని ఎదుటి కాలు కోశాను. అటు ఒరిగింది. నాలుగు కాళ్ళ చుట్టూ తిరిగి వచ్చేసరికి కుర్చీ పీటకు చుట్టమైంది. ఒక కాలు మాత్రం అప్పటికీ తక్కువే.

మా ఆవిడ నిద్ర లేచి వచ్చి చూసింది. కింద రాలిన పొట్టు చూసింది. నా చేతిలో రంపం చూసింది.

"కుర్చీ ఏం పాపం చేసింది?"

"శిక్షణ" అన్నాను.

"మీకా, దానికా?"

ఆ పీటకుర్చీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, అటూ ఇటూ ఊగుతూ, నా మనవరాలు గ్లవ్స్ అమ్మింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మావాడు గుమ్మంలో ఆగి ఆ కుర్చీ వైపు చూశాడు. ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియకుండా ఉంటుందా? నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నాకు కూర వడ్డించమని మాత్రం ఒకసారి ఎక్కువే చెప్పాడు కోడలితో. వాడికి నవ్వు వచ్చినప్పుడు చేసే పని అది.

పోటీకి ముందు కాలేజీలో ఒక నమూనా పోటీ పెట్టారు. ఆ రోజు పిల్ల ఇంటికి వచ్చి చెప్పులు విడిచిన తీరు చూసే నాకు అర్థమైపోయింది. ఒక చెప్పు అటు, ఒకటి ఇటు.

వాళ్ళ మేడమ్‌కు పిల్లలు గడియారం మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆమె చేతిలో రెండు గడియారాలుంటాయట. అమ్మేవాళ్ళు మాట్లాడుతుంటే ఒకటి, కొనేవాళ్ళు మాట్లాడుతుంటే ఒకటి నొక్కుతుందట. మా పిల్ల వంతులో రెండో గడియారం ముల్లు కదల్లేదు.

"అందరికంటే చివర నేనే" అంది మనవరాలు. "మేడమ్ అడిగారు, ఎవరు నేర్పారమ్మా నీకిలా అని."

"ఏం చెప్పావు?"

"మా తాతయ్య అన్నాను. ఆయన ఏం అమ్మేవారు అన్నారు. గొడుగులు, వాన లేని ఏడాది కూడా అమ్మారు అన్నాను. ఎంతమంది మళ్ళీ కొన్నారు అని అడిగారు. నాకు తెలియలేదు తాతయ్యా. ఎంతమంది?"

నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా గదిలోంచి మా ఆవిడ వచ్చింది. చేతిలో ఒక పాత దిండు.

"దీని గలీబు పట్టుకుని చూడవే" అంది మనవరాలితో.

పట్టుకుని చూసింది. నున్నగా, నల్లగా ఉంది. దారం పోగులు గట్టిగా, నీరు పోసినా ఇంకనట్టుగా.

"ఇదేం గుడ్డ నానమ్మా?"

"గొడుగు గుడ్డ. వాన లేని ఏడాది మీ తాతయ్య తీసుకెళ్ళిన కట్ట తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చింది. ఊచలు తీసేసి గుడ్డంతా కుట్టాను. దిండ్లకు, కిటికీలకు, ఆఖరికి పాత రేడియోకు కూడా తొడుగు. మాటలు కోటలు దాటాయి, గొడుగు మాత్రం గడప దాటలేదు."

"మరి గేదె?"

"ఏ గేదె?" అంది మా ఆవిడ.

నేను కిటికీలోంచి ఎండను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

"మీ నాన్నకు బడి సంచీ కూడా దాంతోనే కుట్టాను" అంది మా ఆవిడ, దిండును ఒళ్ళో పెట్టుకుని. "మంచి సంచీ. లోపల పుస్తకం తడిసేది కాదు. బళ్ళో పిల్లలు వాణ్ణి గొడుగు అని పిలిచేవాళ్ళు. ఇంటికొచ్చి ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ మాస్టారు చెబితే తెలిసింది నాకు."

నాకు అప్పుడే తెలిసింది. పిల్ల నా వంక చూసి, ఆ మాట మీద ఆగకుండా నా పక్కన వచ్చి కూర్చుంది. నా భుజం మీద తల పెట్టింది.

"తాతయ్యా, నీ పాఠాలు బాగున్నాయి. నవ్వొచ్చేది. కానీ నేను ఇన్నాళ్ళూ అమ్మేవాడి దగ్గరే నేర్చుకున్నాను. ఇంట్లో కొనేవాడు ఉన్నాడు కదా."

"వాడు కూర్చోడు."

"అడిగితేగా."

ఆదివారం పొద్దున్న మావాడు బల్ల ముందు కూర్చుని చేతి గడియారానికి కొత్త పట్టీ వేసుకుంటున్నాడు. పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, కాసేపు మీరు కొనేవాళ్ళుగా ఉండాలి."

"ఆదివారం కూడానా?"

"వద్దులేవే, వదిలెయ్" అన్నాను నేను పక్క గదిలోంచి. "వాడికి భయం. ఎక్కడ కొనేస్తాడోనని."

కుర్చీ జరిగిన చప్పుడైంది. నా గాలానికి ఇప్పటికీ చేప పడుతుంది చూశారా.

"ఐదు నిమిషాలు" అన్నాడు మావాడు. ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. చేతులు కట్టుకున్నాడు. ఒక్క క్షణంలో నా కొడుకు పోయి ఆఫీసు మనిషి వచ్చి కూర్చున్నాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. నేనూ మా ఆవిడా మంచం మీద చేరాం. పిల్ల నా పీటకుర్చీ లాక్కుని కూర్చుంది. అది ఒక పక్కకు ఒరిగింది.

"నమస్కారం సార్" అంది.

"చెప్పండి."

తండ్రి కూతుర్ని మీరు అన్నాడు. కోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ ఫ్యాక్టరీకి చేతి గ్లవ్స్..."

"ఉన్నాయి. కొంటూనే ఉన్నాం. ధర ఎంత?"

"ధర చెబుతాను సార్. ముందు ఒక మాట అడగొచ్చా?"

"ఊఁ."

"ఇప్పుడు మీరు కొంటున్నవి వేసుకునేవాళ్ళు ఏమంటున్నారు?"

మావాడు నోరు తెరిచాడు. మూశాడు. బల్ల మీద గడియారం పట్టీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

పిల్ల ఏమీ అనలేదు.

అయ్యా, ఆ నిశ్శబ్దంలో నేను మూడు కథలు చెప్పగలను. నాలుక చివర దాకా వచ్చేసింది ఒకటి. మా ఆవిడ నా మోకాలు పట్టుకుని నొక్కింది. ఆ నొక్కుడు ఇప్పటికీ వాన వస్తే నొప్పి పెడుతుంది. పిల్ల ఒరిగిన కుర్చీలో ఒరిగినట్టే కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాళ్ళ నాన్న ముఖం వైపు చూస్తూ ఉంది. తొందర లేకుండా, వంట ఎప్పుడవుతుందని అడగని పిల్లలా.

"జారుతున్నాయంటారు" అన్నాడు మావాడు చివరికి.

"ఏం జారుతున్నాయి సార్?"

"పనిముట్లు. నూనె అంటితే చేతిలో నిలవవు. అందుకని తీసేసి పని చేస్తారు. మిషన్ల షెడ్డులో ఒకతను అలాగే తీసేశాడు. రెండు వేళ్ళకు కుట్లు పడ్డాయి." పట్టీ పక్కన పెట్టాడు. "వేళ్ళు ఉన్నాయి. బాగానే ఉన్నాడు. మళ్ళీ పనిలోకి వచ్చాడు."

"మీరు చూశారా సార్ అతన్ని?"

"ఆసుపత్రికి వెళ్ళాను. గ్లవ్స్ ఎందుకు వేసుకోలేదయ్యా అని అడిగాను. వేసుకుని చూడండి సార్ అన్నాడు. వేసుకుని చూశాను." మావాడు తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "తక్కువ ధరని కొన్నది నేనే."

మా కోడలు గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆ ఆసుపత్రి ఆమె పనిచేసేదే. ఆమెకూ చెప్పలేదన్నమాట.

"ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో" అన్నాడు వాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఎవరూ అడగలేదు. అందరూ ధర చెబుతారు."

"మీరు కూడా ధరే అడుగుతారు కదా సార్" అంది పిల్ల.

వాడు కూతురి వంక చూశాడు. కట్టుకున్న చేతులు ఎప్పుడో విడిపోయి ఉన్నాయి. బల్ల మీద కూజా ఉంది. దాన్ని వంచి గ్లాసులో నీళ్ళు పోశాడు. గ్లాసును నెమ్మదిగా బల్ల మీద అవతలి వైపుకు జరిపాడు.

పిల్ల తీసుకుని తాగింది.

"నీళ్ళిచ్చాడు" అంది మా ఆవిడ నా చెవిలో. నేను మామూలుగా ఆమె మాటకు బదులు మాట వేస్తాను. ఆ పూట వేయలేదు.

ఆ తర్వాత మిగిలిన వేసవంతా తండ్రీ కూతుళ్ళు ఆ బల్ల దగ్గరే. నన్ను గుమ్మం ఉద్యోగంలోకి దించారు. మా ఆవిడ కింద సహాయ రిసెప్షనిస్టుని. "సార్ లేరు" అని చెప్పడం కూడా నాకు సరిగ్గా రాదని ఆమె తేల్చింది. సార్ ఎక్కడికి వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో, దారిలో ఏం జరిగిందో కూడా చెప్పేస్తున్నానట.

పోటీ రోజున మావాడు సెలవు దొరకలేదన్నాడు. మేం ముగ్గురం, పిల్లతో కలిసి కాలేజీకి వెళ్ళాం. చిన్న చిన్న గదుల్లో ఒక్కో పిల్లా, ఎదురుగా కొనేవాళ్ళూ. హాల్లో పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తుంది, వినిపిస్తుంది. మా పిల్లకు ఎదురుగా మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకున్న ఒకావిడ కూర్చుంది. ముఖం చూస్తే మావాడికి అక్కలా ఉంది.

వెనక వరసలో గొణుగుడు వినిపించి తిరిగి చూశాను. మావాడు. ఆఫీసు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి, తెరతో మాట్లాడుతున్నాడు.

"ధర ఇప్పుడే చెప్పకు... ఆగు. ఆవిడ కళ్ళద్దాలు తీసింది చూడు, ఆగు... అదీ. ఇప్పుడు అడుగు."

పక్కనున్న ఎవరో కుర్రాడి తండ్రి అడిగాడు. "మీరు సేల్సులో ఉన్నారా అండీ?"

"లేదు" అన్నాడు మావాడు. "మా అమ్మాయి ఉంది."

తెర మీద మా పిల్ల అడిగింది, ఆగింది. కళ్ళద్దాలావిడ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు. పక్కన నిలబడ్డ గడియారం మేడమ్ రెండో గడియారం మీది నుంచి వేలు తీయకుండా నవ్వుతోంది.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. మా పిల్లకు మొదటి స్థానం. గంగాళమంత కప్పు ఇచ్చారు. నేనూ మావాడూ చెరో చెవీ పట్టుకుంటే గానీ లేవలేదు. ఇంటికి వచ్చే బస్సులో దాన్ని కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టాం. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు.

ఇంతవరకు రాసి మనవరాలికి చదవమని ఇచ్చాను. ఆమె ఇప్పుడు ఉద్యోగస్తురాలు. ఆసుపత్రుల్లో పెట్టే యంత్రాలు అమ్మే కంపెనీలో పని. ఏడాది తిరిగినా ఏ వాచ్‌మనూ పిల్లాణ్ణివ్వలేదని నా మీద కేసు. సెలవు మీద వచ్చి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నవ్వుతూనే చివరిదాకా చదివింది. అక్కడ ఆగింది.

"తాతయ్యా, కప్పు ఎక్కడిది?"

"కథకు కప్పు లేకపోతే ఎవడు కొంటాడే?"

"సరుకులో లేనిది ఉందని చెప్పకూడదు. కొనేవాళ్ళు మళ్ళీ రారు. గొడుగుల సంగతి మరిచిపోయావా? దిద్దు."

అందుకని దిద్దుతున్నాను. కప్పు లేదు. మా పిల్లకు వచ్చింది మూడో స్థానం. దానికి ఇచ్చింది ఒక గుడ్డ సంచీ, ఒక కాగితం. బేరం ప్రకారం పిల్ల ఓడిపోయింది. గెలవడమంటే గెలవడమే కదా.

బస్సు మాత్రం నిజం. కిటికీ పక్క సీటులో కూర్చున్నది మనవరాలు. ఒళ్ళో గుడ్డ సంచీ పెట్టుకుని బయటికి చూస్తోంది. ఎవరం మాట్లాడలేదు, నేను కూడా. మావాడు రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సగం దారి దాటాక కాస్త వంగి పిల్లతో అన్నాడు.

"మొదట్లో నమస్కారాలకే చాలాసేపు పోయింది. వచ్చే ఏడాది ప్రశ్న ఇంకొంచెం ముందు వెయ్యి."

వచ్చే ఏడాది అన్నాడు. మా ఆవిడ చప్పున నా మోకాలు పట్టుకుంది, అదే మోకాలు. పిల్ల కిటికీలోంచి తల తిప్పి, "సరే సార్" అంది.

కాబట్టి కప్పు ఒక్కటే నా కల్పన. గేదె సంగతి మీకు ముందే తెలిసిపోయింది. వాడి ఆఫీసు కుర్చీ ఇప్పుడు ఎలా ఉందో నేను అడగలేదు. కొన్నిటికి వాళ్ళే చెప్పేదాకా ఆగాలని ఈ వయసులో నేర్చుకున్నాను. మా ఇంట్లో కుర్చీ మాత్రం నిజం. బస్సు దిగిన మర్నాడు పొద్దున్నే మావాడు దాన్ని తిరగేసి, తక్కువైన కాలికి ఒక చెక్కముక్క బిగించాడు. పొట్టిదే, పీటకు చుట్టమే. వచ్చి కూర్చుని చూడండి, కదలదు. నీళ్ళు కూడా ఇస్తాం.